ఆరు బొడిపెల బండి

ఆ ఏడు మా సాలూరు బాడీ వర్కర్ల సంఘానికి ఎన్నిక జరగలేదు. ఎందుకు జరగలేదని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. వానలని కొందరు, పోలీసులు వద్దన్నారని కొందరు. నేను చెప్పేది మా ఇంటి నడవలో, ఒక చెక్కపీట మీద, అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ కారు చుట్టూ జరిగిన సంగతి. జూన్ మొదటి వారంలో మొదలై ఆగస్టు మూడో వారానికి అయిపోయింది. ఆ మధ్యలో నేను ఒక మనిషి కాలు విరగ్గొట్టాను.

మా నాన్న నరసింగరావు లారీ బాడీలు కట్టే మేస్త్రి. కంపెనీ నుంచి ఉత్త ఛాసిస్ వచ్చి షెడ్డు ముందు నిలబడితే, ఆయన ముందు టేపు తీసేవాడు కాదు. ఆ బండి తోలబోయే డ్రైవర్ని పిలిపించేవాడు. ఛాసిస్ మీద స్టూలు వేసి కూర్చోబెట్టి, మోకాలెక్కడ, మోచెయ్యెక్కడ, తల ఎక్కడ తగుల్తుందో చూసి, అతని చుట్టూ సుద్దముక్కతో గీతలు గీసేవాడు. ఆ గీతల మీద కేబిన్ లేచేది. "సరుకుదేటుందిరా, ఎలగేసినా పడుంటాది. బండి మనిషికి కట్టాల" అనేవాడు. నేను విజయనగరంలో బీకాం చదివి, సమ్మెట వదిలేసి, బైపాస్ మీద స్టిక్కర్ల కొట్టు పెట్టుకున్నాను. లారీల వెనకాల రాతలు, నంబరు ప్లేట్లు, ఫ్లెక్సీలు.

సంఘంలో అప్పటికే రెండు ముఠాలు. పాతకాలం చెక్కపని వాళ్లు ఒకవైపు, ఇనపబాడీలతో పైకొస్తున్న వెల్డర్లు ఒకవైపు. చెక్కపని వాళ్ల తరఫున ఉమాశంకర్ ప్రెసిడెంటుకి నిలబడ్డాడు. వెల్డర్ల తరఫున ధనరాజ్. మా సంఘంలో చీటీలు, పెట్టెలు లేవు. లారీ యార్డులో అందరూ నిలబడి చేతులెత్తడమే. నాన్న చెయ్యి లేస్తే వెనకాల అరవై చేతులు లేస్తాయి. ఆ సంగతి రెండు ముఠాలకీ తెలుసు.

మా షెడ్డు ఎదురుగా జగ్గమ్మ టీకొట్టు. అక్కడే ధనరాజ్ ఓ సాయంత్రం అందరి ముందూ అన్నాడు:

"మేస్త్రి సెయ్యెత్తితే అరవై సేతులు లెగుస్తాయంట. ఈపాలి ఆ సెయ్యి లెగనిస్తామేటి? సూడండి."

నాన్న టీ ఊదుకుంటూ, "లెగకపోతే నువ్వే ఒచ్చి ఎత్తుదువుగాన్లేరా, ఇనప్పనోడివి, బలముంటాది" అన్నాడు. అందరూ నవ్వారు. ధనరాజూ నవ్వాడు.

రెండో రోజు పొద్దున్న ఆరింటికి నాన్న షెడ్డు తలుపు తీసి లోపలికి అడుగు పెట్టాక ముగ్గురు వచ్చారు. నేను వెళ్లేసరికి రంపంపొట్టు ఎర్రటి ముద్దలుగా ఉంది, నాన్న లేడు. జగ్గమ్మ టీకొట్టు స్తంభం పట్టుకుని నిలబడి ఉంది.

"హెల్మెట్లెట్టుకున్నారు బాబూ, ముగ్గురూను. ఒకడు మేస్త్రి ఈపు మీద కూకున్నాడు. ఒకడు మణికట్టు మీద కాలేసి తొక్కిపట్టినాడు. మూడోవోడు మీ సమ్మెటే తీసినాడు. ముందల రెండుపాలు ఊరికినే ముట్టించినాడు, కొబ్బరికాయ రాయికి ముట్టించినట్టు. అప్పుడు కొట్టినాడు. ఓలమ్మో, ఆ సప్పుడు."

"ఎవులో పోల్చినావా?"

"మొకాలు అగుపిస్తే కదా బాబూ! నేనరిసే తలికి పారిపోనారు. కొంచిమాగి లక్ష్ముడొచ్చి బుజానేసుకుని ఆటోలో తీసుకెల్లినాడు."

లక్ష్ముడు మా షెడ్డులో సమ్మెట మనిషి. ఇరవై ఏళ్లుగా నాన్న దగ్గరే పని. ఆసుపత్రి వరండాలో, చొక్కా నిండా నాన్న రక్తంతో, గోడకి తల ఆనించి కూర్చున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నాన్న కుడిచేతి మూడు వేళ్లు, బొటనవేలూ ఆ పక్క రెండూ, చితికిపోయాయి. విజయనగరం తీసుకెళ్లారు. వేళ్ల చివర్ల నుంచి లోపలికి తీగలు గుచ్చి ఎముకల్ని నిలబెట్టారు. పోలీసులొచ్చి అడిగితే నాన్న ఒకటే మాట అన్నాడు: "హెల్మెట్లెట్టుకున్నారు. ఎవులో తెలీదు."

నాకు తెలుసనుకున్నాను. టీకొట్టు దగ్గర మాట అన్నదెవరో ఊరంతా విన్నది.

ఉమాశంకర్ మధ్యాహ్నానికే ఆసుపత్రికి వచ్చి నాన్న మంచం పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాడు. కట్టు కట్టిన చెయ్యి, వెనకాల ఆయన దిగాలు మొహం. ఆ ఫొటో ఫ్లెక్సీ కోసం నా కొట్టుకే వచ్చింది. 'ఈ చేతికి జవాబు మన చేతుల్లో' అని అక్షరాలు నేనే పేర్చాను, నా కన్నీళ్లు నేనే తుడుచుకుంటూ. పన్నెండు ఫ్లెక్సీలు కొట్టి, మెయిన్‌రోడ్డు మీద ఆరు నేనే కట్టాను.

నాన్న మీద దెబ్బ పడ్డ మూడో రోజు, మిట్టమధ్యాహ్నం, లారీలు తూచే కాటా వెనకాల ఖాళీ స్థలంలో ధనరాజ్ ఒంటరిగా కూర్చుని క్యారేజీ విప్పుకున్నాడు. నాతో మా అక్క మొగుడు ఉపేంద్ర బావ ఉన్నాడు. లారీ డ్రైవరు, మనిషి ఎడ్లబండి ఇరుసులా ఉంటాడు. ఇద్దరం హెల్మెట్లు పెట్టుకున్నాం. నా చేతిలో జాకీ రాడ్డు. బావ వెనక నుంచి మెడ చుట్టూ చెయ్యి వేసి వెల్లకిలా లాగాడు. క్యారేజీ గిన్నె దొర్లి పప్పు ఒలికింది.

మొదటి దెబ్బ తొడ మీద పడింది. ధనరాజ్ తన్నుకున్నాడు. రెండోది మోకాలి కింద. పచ్చికర్ర విరిచినట్టు వచ్చింది చప్పుడు. మూడోదానికి ఎముక తోలు చీల్చుకుని తెల్లగా బయటికి వచ్చింది. "ఎవుర్రా! ఎందుకురా!" అని అరుస్తున్నాడు, నోట్లో ఇంకా అన్నం ఉంది. గొంతు గుర్తు పడతాడని నేను నోరు మెదపలేదు. హెల్మెట్లో నా ఊపిరి నా చెవులకే ఈదురుగాలిలా కొడుతోంది. నాలుగో దెబ్బ అవసరం లేదు. అయినా కొట్టాను. అది చెప్పకపోతే ఈ కథ చెప్పడం దండగ.

ఇంటికొచ్చి చొక్కా విప్పి బకెట్లో వేశాను. నా పెళ్లాం రేఖ దాన్ని నీళ్లలోంచి పైకి తీసి చూసింది.

"మావయ్య రగతమైతే మూడ్రోజుల నాటిది, ఎండిపోయుంటాది. ఇదెవులిది?"

ఆమె రెండు సబ్బులు అరగదీసి ఉతికింది. ఆ రోజు నుంచి నాతో మాట్లాడ్డం మానేసింది. కంచం పెట్టేది, తీసేది, అంతే.

తర్వాత నెలంతా కొట్లాటే. వెల్డర్లు నా కొట్టు అద్దాలు పగలగొట్టి, రంగు డబ్బాలు రోడ్డు మీద కుమ్మరించారు. చెక్కపని వాళ్లు ఒక వెల్డరు చెవి సగం తెంపారు. వాళ్లు మా వాళ్లలో ఒకతని నెత్తి చీల్చారు, పద్నాలుగు కుట్లు. ఉపేంద్ర బావ రాయగడ నుంచి లోడుతో వస్తుంటే బైపాస్ మలుపులో రాళ్లు పడ్డాయి. మేస్త్రి అల్లుడన్న కోపమే తప్ప, కాటా వెనక సంగతి వాళ్లకి తెలీదు. అద్దం పగిలి, పెంకు కుడికంట్లో దిగింది. కన్ను పోయింది. డ్రైవరుకి కన్ను పోయాక మిగిలేదేముంది? మా అక్క ఆసుపత్రిలో నా చొక్కా పట్టుకుని ఏడ్చింది. ధనరాజ్ కాలు ఉమాశంకర్ మనుషులు తీశారని ఊళ్లో అనుకున్నారు. ఉమాశంకర్ అవుననలేదు, కాదనలేదు. అలా అనుకోవడమే అతనికి లాభం.

నాన్న ఇవేవీ పట్టించుకున్నట్టు కనబడేవాడు కాదు. మంచం మీద కూర్చుని టీవీ చూసేవాడు. సాయంత్రం ఆరున్నరకి 'మలుపు నంబరు తొమ్మిది' అని ఒక సీరియల్. ఘాట్ రోడ్డులో ఆడ ఇన్‌స్పెక్టరు ఒకావిడ దొంగల్ని తరుముతుంటుంది. ఆవిడ బండి పాత అంబాసిడరు. వెనకభాగం కోసేసి లారీ తొట్టిలా చేసి, ఆవపిండి రంగు వేశారు. నాన్నకి కథతో పని లేదు, బండి కనబడగానే తిట్లు లంకించుకునేవాడు.

"ఏ ఎదవ కట్టినాడ్రా ఈ బాడీ? ఎనక టైరు దాటి ఇంత తోకేటి? గాట్రోడ్డెక్కితే ముందు సెక్రాలు గాల్లోకి లెగుస్తాయి. ఆ యమ్మ దొంగల్నేటి పడతాది, ఆకాశంలో మబ్బుల్ని పడతాది."

జూలై మధ్యలో తీగలు తీశారు. వేళ్లు కొయ్యముక్కల్లా ఉన్నాయి. ఫిజియోథెరపీ అమ్మాయి, చిన్న వస్తువులు పట్టుకుని నొక్కుతూ, ఊడదీస్తూ ఉంటేనే కదలిక వస్తుందని చెప్పింది. అది విని రేఖ ఫోన్లో వెతికి, పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ ఇటుకలు రెండు కిలోలు తెప్పించింది. పైన బొడిపెలు, కింద బెజ్జాలు, ఒకదాని మీద ఒకటి నొక్కితే అతుక్కునేవి. వాటితో పాటు వేలెడంత బొమ్మమనుషులు నలుగురు.

"పిల్లగుంటలాటేటే ఇది?" అన్నాడు నాన్న.

"గుంటలకి సేతకాదు మావయ్యా. ఆ టీవీ బండి తప్పంటన్నారు కదా, మీరు సరిగ్గా కట్టి సూపండి" అంది రేఖ. నాతో కాదు, ఆయనతోనే.

ఆ మాట పట్టింది. మర్నాడు పొద్దున్నే పీట ముందు వేసుకుని కూర్చున్నాడు. నేను పెద్ద పలక తీసి ఇవ్వబోతే తోసేశాడు.

"ముందల మనిషిని తియ్యి."

ఖాకీ బట్టల బొమ్మని తీశాను. నాన్న దాన్ని నాలుగు బొడిపెల వెడల్పు పలక మీద కుడివైపు కూర్చోబెట్టి, అటో గోడ ఇటో గోడ పెట్టి చూశాడు. మోచేతులు గోడలకి రాసుకున్నాయి.

"ఇరుకైపోనాది. ఈ యమ్మ తుపాకీ ఎలగ తీస్తాది? ఆరు బొడిపెలెయ్యి."

అప్పుడు మొదలైంది బండి. మొదటి వారం ఒక్క ముక్క కూడా ఆయన వేళ్లలో నిలబడలేదు. చిక్కుడుగింజంత ముక్క పట్టుకోవడానికి చెమటలు కారేవి. జారి పడితే ఆ ముక్క తల్లినీ తండ్రినీ కలిపి తిట్టేవాడు. అతుక్కున్నవి ఊడకపోతే పళ్లతో లాగేవాడు. ఆవపిండి రంగు ముక్కలు చాల్లేదు. బానెట్టు పసుపు, ఒక తలుపు తెలుపు, ఒకటి ఎరుపు. నేను రంగు వేస్తానన్నాను.

"అక్కర్నేదు. తప్పులు కప్పెట్టడానికే కదరా మీ రంగులు."

లక్ష్ముడు రోజూ పదింటికి వచ్చేవాడు. వానలకి షెడ్లో పని లేదు. నాన్నకి గెడ్డం గీసేవాడు, నూనె రాసి వేళ్లు మెల్లగా వంచేవాడు, తర్వాత పీటకి అటువైపు కూర్చుని ముక్కలు ఏరి అందించేవాడు. అందించడమే. ఒక్క ముక్క కూడా తాను అతికించేవాడు కాదు.

"నువ్వూ ఓ రాయెయ్యరా" అని నాన్న అంటే, "నా సేతులు మోటు మేస్త్రీ, ఇరిగిపోతాది" అనేవాడు.

నెల తిరిగేసరికి బండి రూపుకొచ్చింది. చక్రాల మీద వంపు తిరిగిన మడ్గార్డులు, ముందు గుండ్రటి దీపాలు వచ్చాయి. స్టీరింగు కుడివైపుకి మార్చడానికి మూడు రోజులు పట్టింది. టీవీలో తోక పొడుగ్గా ఉన్నచోట నాన్న రెండు బొడిపెలు తగ్గించి, చక్రాన్ని వెనక్కి జరిపాడు. బొమ్మ ఇన్‌స్పెక్టరు దర్జాగా కూర్చుంది. పక్కన కానిస్టేబులుకీ చోటు. ఇక టాపు, వెనక తొట్టి తలుపు మిగిలాయి. ఆదివారం ఎన్నిక. ఉమాశంకర్ శుక్రవారమే కబురంపాడు, మేస్త్రిని కుర్చీలో మోసుకొచ్చి అందరి ముందూ కూర్చోబెడతామని.

ఆ శుక్రవారం పదకొండింటికి నేను నడవలోనే, వేలిగోరంత నంబరు ప్లేటు మీద సన్నకుంచెతో అంకెలు వేస్తున్నాను. నాన్న టాపు పలకని బండి మీద ఆనించి, కింద నుంచి మూడు వేళ్లతో పట్టుకున్నాడు. నొక్కడానికి బలం చాల్లేదు.

"లక్ష్ముడూ, నొక్కరా."

"మేస్త్రీ, నేను..."

"నొక్కరా అంటే."

లక్ష్ముడు బొటనవేలు ముందుకు తెచ్చాడు. పలక మీద ఒకసారి తట్టాడు. రెండోసారి తట్టాడు. ఆ రెండో తట్టుకి, ముక్కలు పట్టుకోలేక చెమటలు పట్టే నాన్న వేళ్లు చటుక్కున వెనక్కి వచ్చేశాయి. లక్ష్ముడు నొక్కాడు. టాపు టక్కుమని కూర్చుంది.

నా కుంచె అంకె మీదే ఆగిపోయింది.

మా షెడ్డులో బోల్టు దిగ్గొట్టేటప్పుడు ఒకరు పట్టుకుంటారు, ఒకరు సమ్మెట వేస్తారు. నా చిన్నప్పుడు ఒకతని బొటనవేలు తెగిపడ్డాక నాన్న ఒక పద్ధతి పెట్టాడు. సమ్మెటతో రెండుసార్లు ఊరికే తట్టాలి. రెండో తట్టుకి పట్టుకున్నవాడు వేళ్లు తీసేసుకోవాలి. మూడోది దెబ్బ. సాలూరు మొత్తంలో ఇంకే షెడ్డులోనూ అలా కొట్టరు. జగ్గమ్మ కొబ్బరికాయ అంది. నేను పదేళ్లు ఆ షెడ్డులో బోల్టులు పట్టినవాణ్ని, ఎవడో వెక్కిరించి కొట్టాడనుకున్నాను.

తలెత్తి చూశాను. లక్ష్ముడు నన్నే చూస్తున్నాడు.

వాడు లేచేలోపు నా మోకాలు వాడి మొహం మీద పడింది. పీట తిరగబడింది. జుట్టు పట్టుకుని గుమ్మం రాతికి కొట్టాను. పళ్లు రాయికి తగిలిన చప్పుడు వినబడింది. వాడు చేతులు అడ్డం పెట్టలేదు. అది నాకు ఇంకా కోపం తెప్పించింది. మూల ఉన్న రోకలి అందుకుని భుజం మీద వేశాను. ఎముక కిందకి జారింది. వాడి కుడిచెయ్యి లాగి గుమ్మం మీద పరిచి, మణికట్టు మీద కాలు వేసి, రోకలి ఎత్తాను.

"తినాథూ."

నాన్న అరవలేదు. షెడ్డులో ఉలి అడిగినట్టు నా పేరు పిలిచాడు.

"కాలు తియ్యిరా."

"నీ ఏళ్లు నలగ్గొట్టింది ఈడే!"

"తెలుసు. మొదటి తట్టుకే తెలుసు. కాలు తియ్యి."

తీశాను. లక్ష్ముడు రక్తం మింగి, విరిగిన పళ్లలోంచి నాన్నతో అన్నాడు, నేనక్కడ లేనట్టు:

"తీసుకుంటావనుకున్నాను మేస్త్రీ. రెండుపాలూ తట్టినాను."

"ఆడెవుడో మణికట్టు తొక్కిపట్టినాడు కదరా" అన్నాడు నాన్న.

"ఉమాశంకరు ఒక్క ఏలు సాలన్నాడు. ఒక్క ఏలిరిగితే మన అరవై ఓట్లూ నూటిరవై అవుతాయన్నాడు. నేను కాపోతే ఇంకోడు మొత్తం సెయ్యి తీసేత్తాడన్నాడు. సమ్మెట కదా మేస్త్రీ. ఒక్క ఏలికి ఎలగ కొడతాం?"

పనిలో జరిగిన తప్పు గురించి ఇద్దరు పనివాళ్లు మాట్లాడుకుంటున్నట్టే ఉంది.

"తెలిసి ఎందుకు సెప్పనేదు నానా? రోజూ ఈడిసేత గెడ్డం గీయించుకున్నావు!"

"సెప్తే నువ్వు ఈడ్ని సంపేత్తువు. పేరే తెలీకపోతే ఎవుణ్ని కొడతావులే అనుకున్నాను."

నేను గోడకి ఆనుకున్నాను. నాన్న నా మొహం చూశాడు.

"ఏటైనాది?"

వంటింటి గుమ్మంలోంచి రేఖ గొంతు వచ్చింది.

"ధనరాజు రగతం సొక్కా ఉతికింది నానే, మావయ్యా."

నాన్న నేల మీదకి వంగాడు. టాపు ఊడి, బొమ్మమనిషి బోర్లాపడి, ముక్కలన్నీ లక్ష్ముడి రక్తంలో చెల్లాచెదురుగా ఉన్నాయి. ఆ మూడు వేళ్లతో ఒక పసుపు ముక్క తీశాడు. జారలేదు. ఇంకోటి తీశాడు. అలా ఒక్కొక్కటే తీసి రేఖ చాపిన చేటలో వేస్తూ, "ముందల ఈడ్ని ఆసుపత్రికి తీసుకెల్లు. రేపు పొద్దుటి బస్సుకి ధనరాజింటికి ఎల్దాం" అన్నాడు.

"ఆళ్లు సంపేత్తారు నానా."

"సంపితే సంపుతారు. బతికుంటే ఉంటాం."

ధనరాజ్ అప్పటికి అత్తవారింట్లో, గజపతినగరం దగ్గర పల్లెలో ఉన్నాడు. బస్సు దిగి గట్టు మీద నడుచుకుంటూ వెళ్లాం. పొలాల్లో ఊడుపులు. నడుం వంచిన ఆడవాళ్లు మమ్మల్ని చూసి, నాన్న చేతి వంక చూసి, దారి చెప్పారు.

ధనరాజ్ ముందుగదిలో నులకమంచం మీద ఉన్నాడు. సగం అయిపోయాడు. కాలికి బయట నుంచి నాలుగు ఇనపకడ్డీలు, వాటి నుంచి ఎముకలోకి మేకులు. నాన్నని చూసి లేవబోయాడు.

"సూసినావా మేస్త్రీ, నా మీదే వెల్డింగు సేసినారు. అదీ సరిగ్గా సేయలేదు, సీము కారతన్నాది."

అతని భార్య యమున కుర్చీ వేసింది. "మీ సెయ్యెలగుందండి మేస్త్రి గారూ?" అంటూ నాన్నకీ నాకూ టీ తెచ్చింది. నాకు ఇచ్చేటప్పుడు గ్లాసు చుట్టూ పైటచెంగు పట్టింది, చెయ్యి కాలుతుందని.

"నీ ఏళ్లు నేనే తీయించినానని ఊరంతా అనుకుంటన్నారు" అన్నాడు ధనరాజ్. "మా గుంటల మీద ఒట్టు మేస్త్రీ. ఏదో టీకొట్టు కాడ ఎకసెక్కానికి అన్న మాట. నువ్వు కూడా అలగే అనుకుంటన్నావేటి?"

"నేదురా. నువ్వు కాదని ఆ పొద్దే తెలుసు నాకు."

ధనరాజ్ కళ్లు మూసుకున్నాడు. రెండు కళ్ల పక్కల నుంచీ నీళ్లు చెవుల్లోకి జారాయి. "ఆ పొద్దే తెలుసా" అన్నాడు. "ఆ ఒక్క మాటా నోరు తెరిసి అనుంటే మేస్త్రీ..."

నాన్న తల దించుకున్నాడు. ఆయన తల దించుకోవడం నేను అంతకుముందు చూడలేదు.

"నా కాలు తీసినోడి కోసం మా బామ్మర్దులు రెండు నెలలై కత్తులు నూరతన్నారు. పేరు తెలిస్తే సాలంట. నువ్వేటైనా ఇన్నావేటి మేస్త్రీ?"

నాన్న నోరు తెరిచాడు. నేను ఆయన్ని చెప్పనివ్వలేదు.

"నానే" అన్నాను. "రాడ్డు నాదే. నాలుగు దెబ్బలూ నాయే."

ఉపేంద్ర బావ పేరు చెప్పలేదు. ఉన్న ఒక్క కన్నూ వాళ్ల చేతుల్లో పెట్టలేక.

యమున నా దగ్గరికి వచ్చింది. కొడుతుందనుకున్నాను. నా చేతిలోంచి సగం తాగిన టీగ్లాసు తీసుకుంది. తీసుకుని బయటికి నడిచింది. తలుపు దగ్గరగా వేసింది. బయట గడియ పడిన చప్పుడైంది. తర్వాత వీధిలోంచి ఆమె గొంతు, అన్నదమ్ముల్ని ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలుస్తూ. పొలం వైపు నుంచి ఎవరో పలికారు. ఇంకొకరు పలికారు. బురదలో అడుగుల చప్పుడు పరుగుగా మారింది.

నాన్న లేచి వచ్చి నా ముందు నిలబడ్డాడు. ఆ వంకర చెయ్యి ముందుకు చాపి.

ధనరాజ్ మోచేతి మీద లేచాడు. నొప్పికి మొహం చెక్కలా బిగుసుకుంది. నా వంక చూడలేదు.

"మేస్త్రీ" అన్నాడు, "నువ్విటు రా. నా మంచం ఎనక్కొచ్చి గోడవార కూకో. నన్ను దాటి నీ మీద సెయ్యెయ్యరు. ఆ ఏళ్లు మళ్లీ ఇరిగితే ఇంకతకవు."

నాన్న కదల్లేదు. నేనే ఆయన భుజాలు పట్టుకుని మంచం వెనక్కి నడిపించాను. ధనరాజ్ చెయ్యి చాపి ఆయన్ని గోడవారకి లాక్కున్నాడు.

నన్ను రమ్మనలేదు. నేను వెనక్కి తిరిగి, తలుపుకి ఎదురుగా నిలబడ్డాను.